దింపుడు బండ

మా బావ ప్రసాదు మా అక్కను పేరు పెట్టి పిలవగా నేను ఒక్కసారి కూడా వినలేదు. పెళ్ళయిన కొత్తలో "ఇదో" అనేవాడు. ఎవరైనా చుట్టాలుంటే అదీ లేదు, గ్లాసు నేల మీద టకటకలాడించేవాడు. నేహ పుట్టాక ఆయనకు ఆ ఇబ్బంది తీరింది. అక్కతో పని పడితే "నేహా!" అని కేకేసేవాడు. పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడూ అంతే, ఒకటో తరగతికి వచ్చాకా అంతే. వంటింట్లోంచి "ఆఁ... వస్తా ఉండా" అని అక్క సాగదీసి పలికేది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చేది. పిల్ల బొమ్మల ముందు నుంచి తల కూడా ఎత్తేది కాదు. గొంతును బట్టి ఆ పిలుపు తనది కాదని దానికి తెలుసు.

నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"తనూజ అని ముచ్చటపడి పెట్టినారు బావా మావోళ్ళు. నువ్వు పిలిస్తే అరిగిపోతాదా?"

"ఒరే, ఊరుకోరా" అని అక్క నా నెత్తిన మొట్టేది. అమ్మా నాయనా పోయాక నన్ను ఒరే అని పిలిచే మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

మాది పలమనేరు పక్క. పనుల కోసం అందరిలాగే హోసూరు వచ్చాం. నేను లారీలు పంపే ఆఫీసులో చేరి ఊళ్ళోనే రూము తీసుకున్నాను. బావకు మోటారు సామాన్ల ఫ్యాక్టరీలో పని. వాళ్ళు ఉద్దనపల్లిలో మాదప్ప తాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళు. తాతా, ఆయన భార్య వెంకటసుబ్బమ్మవ్వా మాలాగే తెలుగు మాట్లాడతారు, తరాలుగా అక్కడివాళ్ళు. ఆదివారమైతే నేను బండేసుకుని వెళ్ళి, అక్క చేతి రాగిముద్ద తిని, నేహను రోడ్డు దాకా తిప్పి తీసుకొచ్చేవాణ్ణి.

ఆ వానాకాలంలో అక్కకు జ్వరం తగిలింది. అందరికీ వచ్చే జ్వరమే అనుకున్నాం. హోసూరులో ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు తెల్లారేసరికి మనిషి లేదు. నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, గేటు పాసు ఏదని అడిగిన డ్రైవరుకు జవాబు పంపాను. బావ పక్కన కూర్చుని నా ఫోన్ వైపే చూస్తున్నాడు. ఇద్దరికీ చెవుల్లో దూది కుక్కినట్టుంది. ఎవరేం చెప్పినా సరే సరే అన్నాం.

మాలో పూడుస్తారు. పలమనేరు తీసుకుపోతే మోసేందుకు కూడా మావాళ్ళెవరూ లేరు.

"ఈడనే పెడదామప్పా. మా పెద్దోళ్ళ పక్కన జాగా ఉండాది. నా బిడ్డ మాదిరి ఉన్నింది ఈ ఇంట్లో" అన్నాడు మాదప్ప తాత. దానికీ సరే అన్నాం.

ముత్తైదువగా పోయిందని ఆడవాళ్ళు పసుపు రాసి, పూలు పెట్టి, కొత్త చీర కట్టారు. చెవి కమ్మలు, కాలి గొలుసులు తీసి పొట్లం కట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి గుడ్డపీలికతో కట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, కొళాయి దగ్గర అక్కతో రోజూ తగువు పెట్టుకున్నవాళ్ళే ఆమె అంతటిది ఇంతటిది అని ఏడ్చారు. నేహ ఏడ్చి ఏడ్చి అవ్వ ఒళ్ళో నిద్రపోయింది. పాడె లేచినప్పుడు కూడా మేలుకోలేదు. నయమే అనుకున్నాను.

రాయకోట రోడ్డు దిగి, టమాటా తోటల మధ్య బండిబాట పట్టుకుని పోతే శ్మశానం వస్తుంది. దానికి కేకవేటు దూరంలో, దారిలోనే ఆ బండ. దింపుడు కళ్ళం ఆశ అని మనం ఊరికే వాడేస్తుంటాం. పాడెను దారిలో దించి, దగ్గరివాళ్ళు చెవిలో ముమ్మారు పిలిస్తే, ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలకదా అన్న ఆశ. మావైపు దానికి ఉత్త నేలే. ఇక్కడ రాయి ఉంది. రెండు గుండ్ల మీద మోకాలెత్తున పరిచిన పెద్ద పలక. తల వచ్చే చోట కడవ మూతంత గుండ్రటి కంత. పక్కన కత్తెత్తిన వీరుడి రాయి ఒకటి నడుము దాకా పూడిపోయి, ముఖం అరిగిపోయి నిలబడి ఉంటుంది.

ఆ పలక ఊరివాళ్ళది కాదని తాత ఒక ఆదివారం చెప్పాడు. ఎనకటి జనం కొండ మీద రాతి పలకలతో చిన్న ఇళ్ళు కట్టి, చచ్చినవాళ్ళను అందులో ఉంచేవాళ్ళట. ఒక గోడకు కంత చేసి, అందులోంచి లోపలికి కూడు పెట్టేవాళ్ళట. అలాంటి ఇల్లొకటి పడిపోతే, తాత ముత్తాతలు ఆ గోడను ఎద్దులతో ఈడ్చుకొచ్చి దారిలో పరిచారు.

"వాళ్ళు కూడు పెట్టిన కంతలోనే మేము పేరు పెడతామప్పా" అన్నాడు. "చెవి కాడ పిలిస్తే పేరు కిందికి పోతాది. ఎవురొస్తా ఉండారో కిందోళ్ళకు తెలస్తాది."

నేను నవ్వి, దాని ఫోటో తీసుకున్నాను. చదువుకున్నవాళ్ళెవరో వచ్చి కొలతలు కూడా తీసుకుపోయారని తాత గొప్పగా చెప్పాడు.

పాడెను ఆ బండ మీద దించారు. అక్క తల కంత మీదికి వచ్చింది. తప్పెట ఆగింది. బంతిపూల వాసన, తడి పసుపు వాసన. వాటి అడుగున ఇంకేదో వాసన, ఎన్నాళ్ళో మూత తీయని కుండది. కంతలోంచి వచ్చే గాలికి అక్క చెవి దగ్గర వెంట్రుకలు కదిలాయి.

"పిలువప్పా" అన్నాడు తాత.

బావ వంగాడు. ఆయన కళ్ళు ఎక్కడో ఉన్నాయి. అక్క చెవిలో, ఇంట్లో పిలిచినట్టే పిలిచాడు.

"నేహా."

కొంచెం ఆగాడు.

"నేహా... నేహా..."

నేను పక్కనే ఉన్నాను, విన్నాను. నాకు అది తప్పుగా తోచలేదు. ఆ పిలుపుకు లేచి వచ్చేది అక్కే కదా. ఇప్పుడు లేచి వస్తుందేమోనని కూడా ఒక్క క్షణం చూశాను. అక్క లేవలేదు. మోసేవాళ్ళు పాడె ఎత్తి, కాళ్ళవైపు తలవైపు మార్చి తిప్పారు.

"ఏమని పిలిచినావప్పా?" తాత గొంతు తగ్గించి అడిగాడు.

"రోజూ పిలిచినట్టే తాతా."

తాత నోరు తెరిచాడు. ఎత్తిన పాడెను మళ్ళీ దించకూడదు. తప్పెట మొదలైంది. ఆయన ఊరివైపు, మా ఇంటివైపు తిరిగి చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గుంత నిలువునా అక్క పొడవుకు తవ్వి ఉంది. అక్క నాకంటే ఎత్తు. అందరం తలా మూడు పిడికిళ్ళ మట్టి వేశాం. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదన్నారు. చూడకుండా వచ్చాం.

కాళ్ళు కడుక్కుని, దీపం చూసి లోపలికి పోబోతుంటే అవ్వ నన్ను పక్కకు పిలిచింది. 

"బిడ్డ నిద్దర్లో పలికిందప్పా."

"ఏమని?"

"వస్తా ఉండా... అనింది. ముమ్మారు అనింది. గొంతు బిడ్డదే. ఇల్లు ఇడిచి పోతానని గడియ కాడికి పోయింది, నేనే ఎత్తుకొచ్చి పడుకోబెట్టినాను." అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "తప్పెట నిలిచిపోయి ఉన్నింది అప్పుడు."

అవ్వ ముసలిది, రాత్రంతా నిద్ర లేదు, ఏదో వినుంటుంది అనుకున్నాను. నాకు ఆలోచించే ఓపిక లేదు.

మర్నాడు పొద్దున బావ కంచాల్లో అన్నం పెట్టి "నేహా, తిందువు రా" అన్నాడు. పిల్ల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది, కదల్లేదు. వంటింట్లో గాజులు కదిలాయి.

అక్కడ ఎవరూ లేరు. నేను లేచి వెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. మసిగుడ్డ మాత్రం తడిగా ఉంది. తిరిగి వచ్చేసరికి బావ కంచంలోకి చూస్తూ అన్నం కలుపుతున్నాడు.

"వినినావా బావా?"

"ఉండనీలే ప్రశాంతూ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. భయమో కోపమో తెలియలేదు. నేహ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"నేహా."

అది చాలాసేపటికి నా వైపు తిరిగింది.

"నన్నా మామా? అమ్మనా?"

"నిన్నేనమ్మా."

"అయితే నేను ఆడికి పోవల్ల కదా."

"యాడికి?"

"నిన్న పిలిచినారు కదా, చల్లగా ఉండే తావుకు. అవ్వ పోనీలేదు." అది గుసగుసగా చెప్పింది. "వాళ్ళు కాచుకోని ఉంటారు మామా."

నేను ఎద్దులా మాదప్ప తాత మీదికి పోయాను. పసిబిడ్డకు ఈ కథలన్నీ ఎవరు చెప్పారని అరిచాను. తాత కోప్పడలేదు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

"ఎవురూ చెప్పలేదప్పా. నీ అక్కను ఎవురూ పిలవలేదు, ఆమె యాడికి పోతాది? ఇంట్లోనే తిరగతా ఉంటాది. బిడ్డను పిలిచినారు. బిడ్డ పలికింది."

"ఇప్పుడేం చేయమంటావు?"

"పిలిచినోడే సరిగా పిలవల్ల. రేపు పొద్దున్నే పాలు పోసేదానికి పోతాం కదా, అప్పుడు మీ బావ బండ కాడ నీ అక్క పేరు ముమ్మారు చెప్పల్ల. ఆమె పేరు కిందికి పోతే బిడ్డ పేరు ఇడిచిపెడతారు. అంతవరకు మునిమాపున బిడ్డను కండ్లలో పెట్టుకోండి."

నాకు నమ్మకం లేదు. కానీ ఆ పిల్ల చేతి చలి నా అరచేతిలో ఇంకా ఉంది. అక్క పోయిందన్న సంగతే నాలోపలికి దిగలేదు, నేహకేమైనా అయితే అన్న ఊహ మాత్రం దిగింది. ఆ రెండు రోజుల్లో నాకు తెలిసిన బాధ అదొక్కటే. బావ దగ్గరికి పోయి, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

"తనూజా అను బావా."

"త..." అన్నాడు.  మళ్ళీ ప్రయత్నించాడు. నోరు తిరగని మాటలా ఉంది ఆయనకు. "రేపు అంటాలే" అన్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కుందారపల్లి దగ్గర లారీ ఆగిపోయిందట. గేటు దగ్గర నిలబడి నేను డ్రైవరుతో మాట్లాడుతున్నాను. పిల్ల గడపలో కూర్చుని ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. ఒకసారి రోడ్డువైపు తిరిగాను. అంతే.

గడప మీద దాని వెండి గొలుసులు ఉన్నాయి. పక్కనే చెవి కమ్మలు. పొందిగ్గా, జతలు జతలుగా.

"బావా!" అని అరిచాను.

ఇద్దరం పరుగెత్తాం. రోడ్డు దిగాం. పొద్దు కొండ వెనక్కి పోయింది. టమాటా తోటల్లో కట్టిన కర్రలు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. కుక్కలు లేవు. కీచురాళ్ళు కూడా లేవు. మా చెప్పుల చప్పుడే. దగ్గర పడేకొద్దీ ఆ వాసన... మూత తీసిన కుండ వాసన.

పిల్ల బండ మీద ఉంది.

వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు ఒంటికి ఆనించి, కాళ్ళు బారజాపి. తల సరిగ్గా కంత మీద. బొటనవేళ్ళు రెండూ కలిపి దాని తల రిబ్బనుతో కట్టి ఉన్నాయి. ముడి కాళ్ళ అడుగువైపు ఉంది... పడుకున్న పిల్ల చెయ్యి అక్కడికి అందదు.

కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మామా..." అంది. పెదవులు కదల్లేదు. "శానా మంది ఉండారు."

నేను కదల్లేకపోయాను. ఎత్తుకోవాలి. ఎత్తుకుని పరుగెత్తాలి.  నా పక్కనుంచి బావ ముందుకు పోయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తాత చెప్పినదొక్కటే ఆయన బుర్రలో మిగిలినట్టుంది. బండ దగ్గర... పేరు... ముమ్మారు...

ఆయన పిల్ల చెవి దగ్గరికి వంగాడు.

"తనూజా."

స్పష్టంగా అన్నాడు. ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట అనిపించింది.

వెనక బాట మీద ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. మాదప్ప తాత. రొప్పుతున్నాడు.

"వద్దు... వద్దప్పా! బిడ్డను దించు! దించినాక పిలువు! బిడ్డ బండ మీద ఉండగా..."

"తనూజా."

కంతలోంచి గాలి వచ్చింది. పిల్ల వెంట్రుకలు కదిలాయి.

"బావా, ఆగు..." అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"తనూజా..."

గాలి ఆగింది.

పిల్ల రెప్పలు వేసింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. తల మెల్లగా బావవైపు తిరిగింది.

"ఆఁ..." అంది. "వస్తా ఉండా..."

సాగదీసి.

లేచి కూర్చుంది. వంగి, కాలివేళ్ళ రిబ్బను తనే విప్పుకుంది. బండ దిగి, గౌను అంచుకు చేతులు తుడుచుకుంది. బావ దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చాడు. అక్క పోయినప్పటి నుంచి ఆయన ఏడవడం అదే మొదలు. తాత దూరంగానే నిలబడిపోయాడు. దగ్గరికి రాలేదు. మాతో ఇంటికి కూడా రాలేదు.

ఇప్పుడు అంతా బాగానే ఉంది. అడిగినవాళ్ళకు అదే చెప్తున్నాను. వంటింట్లో గాజుల చప్పుడు మళ్ళీ వినపడలేదు. పిల్ల చేతులు వెచ్చగా ఉన్నాయి. బడికి పోతోంది. టీచరు నేహా అని పిలిస్తే పక్కపిల్ల మోచేత్తో పొడవాలట, తల్లి పోయిన దిగులు కదా అంటారు టీచరు. ఇంట్లో బావకు ఆ బాధ లేదు. అన్నేళ్ళూ ఒక్కసారి కూడా పలకని పేరును ఆయన ఇప్పుడు పొద్దున లేచింది మొదలు పిలుస్తూనే ఉంటాడు. కాఫీకి తనూజా, కండువాకు తనూజా. పెళ్ళాం పేరు బిడ్డకు పెట్టుకుని పిలుచుకుంటున్నాడు పాపం అని ఊరంతా కళ్ళొత్తుకుంటుంది. పిల్ల స్టూలు ఎక్కి రాగిముద్ద గెలుకుతుంది. ఎవరు నేర్పారని నేను అడగలేదు. ముద్ద రుచి నాకు తెలుసు.

మాదప్ప తాత ఇల్లు ఖాళీ చేయమనలేదు. ఆ పిల్ల వాకిట్లోకి వస్తే మాత్రం ఆయన లోపలికి పోతాడు.

వానలు తగ్గాక ఒక ఆదివారం సాయంత్రం, సమాధికి రాయి పెట్టించాలి కదా, చోటు చూసి వద్దామని బయలుదేరాం. బావా, పిల్లా బండ దగ్గర ఆగిపోయారు.

"ఆడోళ్ళు అవతలికి రాకూడదు" అంది పిల్ల, బండ మీద కూర్చుంటూ.

నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాను. పూడ్చిన మట్టి వానలకు కుంగుతుంది. అది మామూలే. పక్కన తాత వాళ్ళ పెద్దల సమాధులన్నీ అలాగే నిలువునా కుంగి ఉన్నాయి. అక్కది అలా లేదు. తలవైపు నుంచి నా నడుమెత్తంత మేరే కుంగింది. మిగతా భాగం గట్టిగా, గడ్డి మొలిచి, పార పడని నేలలా ఉంది. నేను కాలితో తొక్కి చూశాను. చేత్తో కొలిచాను. ప్రతి ఆదివారం నా బండి ముందు నిలబెట్టుకుని రోడ్డు దాకా తిప్పిన పిల్ల పొడవు నాకు కొలవకుండానే తెలుసు.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఎవరికోసమో పైకి చెప్పలేను. చెబితే ఎవరు నమ్ముతారు? నేహ కోసం ఈ లోకంలో ఏడ్చేవాణ్ణి నేనొక్కణ్ణే.

మోకాళ్ళ మీద కూర్చుని, మట్టికి చెవి దగ్గరగా పెట్టాను.

"నేహా" అన్నాను.

ఏమీ లేదు.

"నేహా..."

మూడోసారికి నోరు తెరిచాను. పలికితే ఏం చేయాలి? ఎవరిని పంపి ఎవరిని తెచ్చుకోవాలి? పలకకపోతే...

"ఒరే ప్రశాంతూ" అని బండ దగ్గర నుంచి పిల్ల గొంతు వినిపించింది. "చాల్లేరా ఇంక. పొద్దు మునగతా ఉండాది."

లేచాను. మోకాళ్ళకు అంటిన మట్టి దులుపుకున్నాను. బండవైపు నడిచాను. నా వెనక, తడి మట్టి మీద ఏదో చిన్నగా కదిలిన చప్పుడైంది. తర్వాత నా నడకతో పాటు, నాకంటే పొట్టి అడుగులు.

శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదని పెద్దవాళ్ళు చెప్పారు. నేను చూడలేదు.